లెర్నెడ్ హ్యాండ్ (1872–1961): ఫెడరల్ అప్పీళ్ల కోర్టు న్యాయమూర్తి

లెర్నెడ్ హ్యాండ్ అమెరికా సంయుక్త రాష్ట్రాల ఫెడరల్ న్యాయమూర్తి. 1909 నుంచి 1924 వరకు న్యూయార్క్ దక్షిణ జిల్లా కోర్టులోను, 1924 నుంచి 1951 వరకు రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులోను పనిచేశాడు. క్రియాశీల సేవ నుంచి తప్పుకున్నాక కూడా చనిపోయేదాకా కేసులు వింటూనే ఉన్నాడు. మొత్తం మీద 52 ఏళ్లలో దాదాపు 4,000 తీర్పులు రాశాడు. నిర్లక్ష్యానికి పరిహారం, కాపీరైట్, ఆదాయపు పన్ను, గుత్తాధిపత్యం, వాక్ స్వాతంత్ర్యం వంటి రంగాల్లో అమెరికా న్యాయ విద్యార్థులు నేటికీ చదివే తీర్పుల్లో అతనివి చాలా ఉన్నాయి. సుప్రీంకోర్టు పదవి మాత్రం అతనికి దక్కలేదు. ఆ కోర్టులో కూర్చున్న చాలామంది పేర్లు మరుగునపడినా, కింది కోర్టులో ఉండిపోయిన ఈయన పేరు నిలిచింది. అందుకు కారణం అతని తీర్పులతో పాటు అతను పనిచేసిన కోర్టు స్వభావంలో కూడా ఉంది.

పదవి స్వరూపం

అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. భారతదేశంలో ఒకే హైకోర్టు రాష్ట్ర చట్టాలనూ కేంద్ర చట్టాలనూ చూస్తుంది. అక్కడ రెండు వ్యవస్థలు పక్కపక్కన నడుస్తాయి. ఫెడరల్ వ్యవస్థకు మూడు అంచెలు: అడుగున జిల్లా కోర్టు, పైన సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, అన్నిటికీ పైన సుప్రీంకోర్టు. ఇక్కడ జిల్లా జడ్జి అన్న మాట తెలుగు పాఠకులను పొరబాటు పడేట్టు చేస్తుంది. అమెరికాలో ఫెడరల్ జిల్లా జడ్జిని దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, పదవి జీవితాంతం ఉంటుంది. అప్పీళ్ల కోర్టు జడ్జి నియామకం కూడా ఇదే పద్ధతిలో జరుగుతుంది. పదవీ విరమణకు నిర్ణీత వయసు లేదు. తగినంత సేవ ఉన్నవారు సీనియర్ హోదా తీసుకుంటే వారి స్థానంలో కొత్త జడ్జి వస్తాడు, పాత జడ్జి ఓపికను బట్టి పని కొనసాగిస్తాడు.

సాక్షులు, జ్యూరీ ఉండేది జిల్లా కోర్టులోనే. అప్పీళ్ల కోర్టు కొత్త సాక్ష్యం తీసుకోదు. కింది కోర్టు రికార్డును ముందు పెట్టుకుని, చట్టాన్ని సరిగా అన్వయించారా లేదా అన్నది ముగ్గురు జడ్జిలు తేలుస్తారు. ఈ కోర్టులు 1891 చట్టంతో ఏర్పడ్డాయి. దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కో ప్రాంతాన్ని ఒక సర్క్యూట్ అన్నారు. న్యూయార్క్, కనెటికట్, వెర్మాంట్ రాష్ట్రాలు రెండో సర్క్యూట్ కిందికి వస్తాయి. వాల్ స్ట్రీట్ బ్యాంకులు, న్యూయార్క్ ఓడరేవు, బ్రాడ్‌వే నాటకశాలలు, పుస్తక ప్రచురణ సంస్థలు ఈ ప్రాంతంలోనే ఉన్నందున అక్కడికి వచ్చే వ్యాజ్యాలు కూడా ఆ తరహావే.

హ్యాండ్ ఈ కోర్టుకు వచ్చిన సమయం కూడా కలిసొచ్చింది. అతను 1924 డిసెంబరులో చేరాడు. 1925 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం, ఏ అప్పీళ్లు వినాలో చాలావరకు సుప్రీంకోర్టే ఎంచుకునే వీలు కల్పించింది. దాంతో అత్యధిక కేసుల్లో సర్క్యూట్ కోర్టు మాటే చివరి మాట అయింది. పేరుకు మధ్య అంచె అయినా, వాణిజ్య న్యాయానికి సంబంధించినంతవరకు న్యూయార్క్ లోని ఈ కోర్టు దేశంలోకెల్లా బరువైన కోర్టుగా పేరు తెచ్చుకుంది.

కుటుంబం, చదువు

బిల్లింగ్స్ లెర్నెడ్ హ్యాండ్ 1872 జనవరి 27న న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో పుట్టాడు. ఇంగ్లీషులో లెర్నెడ్ అంటే పండితుడు కాబట్టి అది బిరుదేమో అనుకునేవారున్నారు. నిజానికి అది తల్లి లిడియా పుట్టింటి ఇంటిపేరు. వయసొచ్చాక బిల్లింగ్స్ వదిలేశాడు. తాత ఆగస్టస్ హ్యాండ్ రాష్ట్ర కోర్టులో న్యాయమూర్తి. తండ్రి శామ్యూల్ హ్యాండ్ పేరున్న న్యాయవాది, కొంతకాలం రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ లో జడ్జి. లెర్నెడ్ కు 14 ఏళ్ల వయసులో తండ్రి క్యాన్సర్ తో పోయాడు. ఇంట్లో తండ్రిని గురించి చెప్పుకునే గొప్పలు కుర్రవాడికి బరువయ్యాయి. తనకు అంత శక్తి లేదన్న శంక అతన్ని ముసలితనం దాకా వదల్లేదు.

హార్వర్డ్ లో తత్త్వశాస్త్రం చదివి 1893లో పట్టా పుచ్చుకున్నాడు. విలియం జేమ్స్, జొసాయా రాయిస్, జార్జ్ సాంతాయానా అతని అధ్యాపకులు. తండ్రి సోదరుడి కొడుకు ఆగస్టస్ కూడా అక్కడే చదివాడు. లెర్నెడ్ కు తత్త్వశాస్త్రమే ఇష్టమైనా కుటుంబ సంప్రదాయం అతన్ని న్యాయకళాశాల వైపు నెట్టింది. 1896లో న్యాయపట్టా వచ్చింది. అక్కడ జేమ్స్ బ్రాడ్లీ థేయర్ అనే ఆచార్యుడు చెప్పిన పాఠం అతనికి జీవితకాలపు సిద్ధాంతమైంది. శాసనసభ చేసిన చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయడానికి కోర్టులు తొందరపడకూడదని, ఆ పొరబాటు సందేహానికి తావులేనంత స్పష్టంగా ఉన్నప్పుడే జోక్యం చేసుకోవాలని థేయర్ వాదన (చూ. న్యాయ సంయమనం).

న్యాయవాద వృత్తి

ఆల్బనీలో ఐదేళ్లు, 1902 తర్వాత న్యూయార్క్ నగరంలో ప్రాక్టీసు చేశాడు. ఆ పని అతనికి రుచించలేదు, పెద్దగా రాణించనూ లేదు. 1902లోనే ఫ్రాన్సెస్ ఫింకేను పెళ్లాడాడు. వారికి ముగ్గురు కూతుళ్లు. ఆ కాలంలో చెప్పుకోదగింది 1908లో హార్వర్డ్ లా రివ్యూలో రాసిన వ్యాసం ఒక్కటే. రొట్టెల బట్టీ కార్మికుల పనిగంటలకు పరిమితి పెట్టిన న్యూయార్క్ చట్టాన్ని సుప్రీంకోర్టు 1905లో లాక్నర్ కేసులో కొట్టివేసింది. పనిగంటలు ఎన్నో తేల్చాల్సింది ప్రజాప్రతినిధులా, జడ్జిలా అని ఆ వ్యాసం నిలదీసింది. ఆర్థిక సంస్కరణలను కోర్టులు అడ్డుకుంటున్నాయని అసంతృప్తితో ఉన్న ప్రోగ్రెసివ్ వర్గాలకు ఆ వాదన నచ్చింది.

జిల్లా కోర్టులో (1909–1924)

చార్లెస్ బర్లింగ్‌హామ్ అనే పలుకుబడి గల న్యాయవాది సిఫారసుతో అధ్యక్షుడు విలియం హోవర్డ్ టాఫ్ట్ 1909లో హ్యాండ్ ను జిల్లా జడ్జిగా నియమించాడు. అప్పటికి అతని వయసు 37. ఆగస్టస్ కూడా 1914లో అదే కోర్టుకు వచ్చాడు.

తొలినాళ్ల తీర్పుల్లో రెండు తరువాతి కాలంలో కొత్త ప్రాణం పోసుకున్నాయి. 1911లో పార్క్-డేవిస్ కంపెనీ వ్యాజ్యంలో జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకమినే వేరుచేసిన అడ్రినలిన్ కు పేటెంట్ చెల్లుతుందని తీర్పు ఇచ్చాడు. ప్రకృతిలో ఉన్న పదార్థమే అయినా శుద్ధిచేసి వైద్యానికి పనికొచ్చే రూపానికి తెస్తే అది కొత్త వస్తువేనని అందులోని తర్కం. రసాయన శాస్త్రం ఓనమాలు రాని జడ్జి ఇలాంటి వివాదం తేల్చాల్సి రావడం ఏమిటని ఆ తీర్పులోనే వాపోయాడు. వందేళ్ల తర్వాత మానవ జన్యువుల పేటెంట్ వివాదంలో ఈ తీర్పు మళ్లీ చర్చకొచ్చింది. శరీరం నుంచి వేరుచేసినంత మాత్రాన డీఎన్ఏకు పేటెంట్ రాదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో మిరియడ్ కేసులో తేల్చింది.

రెండోది 1913 నాటి కెన్నర్లీ కేసు. ఒక నవలను అశ్లీలమంటూ ప్రచురణకర్తపై అభియోగం మోపారు. 1868 నాటి ఇంగ్లీషు హిక్లిన్ సూత్రం ప్రకారం, చెడిపోయే మనసున్నవారి చేతిలో ఆ రచన పడితే ఏమవుతుందన్నదే కొలమానం. ఆ సూత్రాన్ని కాదనే అధికారం జిల్లా జడ్జికి లేదు కనుక అభియోగాన్ని హ్యాండ్ కొట్టివేయలేదు. కానీ సమాజం ఆనాటికి ఒప్పుకునే ప్రమాణమే కొలమానం కావాలని, అతి బలహీనుణ్ణి దృష్టిలో పెట్టుకుని సాహిత్యాన్ని కొలవడం తగదని రాశాడు. పైకోర్టు తీర్పుకు తలవంచుతూనే అది తప్పని చెప్పడం అతని పద్ధతి.

ఈ దశలోనే ఒక తప్పటడుగు కూడా పడింది. హెర్బర్ట్ క్రోలీ వంటి ప్రోగ్రెసివ్ మేధావులతో స్నేహం అతన్ని రాజకీయాల్లోకి లాగింది. 1912 ఎన్నికల్లో తనను నియమించిన టాఫ్ట్ పక్షాన నిలవకుండా థియొడోర్ రూజ్‌వెల్ట్ ను సమర్థించాడు. మరుసటి ఏడాది జడ్జిగా ఉంటూనే ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున రాష్ట్ర కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ ప్రధాన న్యాయమూర్తి పదవికి పోటీచేసి ఓడిపోయాడు. టాఫ్ట్ దీన్ని మరిచిపోలేదు.

మాసెస్ కేసు

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆ వెంటనే గూఢచర్య చట్టం వచ్చింది. సైన్యంలో అవిధేయత రేపడం, సైనిక నియామకాలకు ఆటంకం కలిగించడం నేరాలయ్యాయి. మాక్స్ ఈస్ట్‌మన్ సంపాదకుడిగా న్యూయార్క్ నుంచి వెలువడే ‘ది మాసెస్’ అనే వామపక్ష పత్రిక యుద్ధాన్ని ఎద్దేవాచేస్తూ కార్టూన్లు, రచనలు వేసింది. ఆగస్టు సంచికను తపాలాలో పంపడానికి న్యూయార్క్ పోస్ట్‌మాస్టర్ నిరాకరించాడు. పత్రిక కోర్టుకెక్కింది.

యుద్ధోన్మాదం ఊపులో ఉన్న 1917 జులై 24న హ్యాండ్ పత్రిక పక్షాన తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రభుత్వ విధానాన్ని ఎంత ఘాటుగా దుయ్యబట్టినా అది విమర్శే అవుతుందని, చట్టాన్ని ఉల్లంఘించమని నేరుగా పురికొల్పితేనే నేరమవుతుందని అందులోని గీత. మాట వల్ల ఏం జరగవచ్చో జడ్జి ఊహించడం మొదలుపెడితే, భయం రాజ్యమేలే రోజుల్లో ప్రతి విమర్శా ప్రమాదంగానే కనబడుతుంది. అందుకే ఫలితాన్ని వదిలి, అన్న మాటల స్వభావాన్నే చూడాలన్నాడు. రాజ్యాంగం జోలికి పోకుండా, కాంగ్రెస్ ఇంత విశాలమైన నిషేధాన్ని ఉద్దేశించి ఉండదంటూ చట్టాన్ని సంకుచితంగా వ్యాఖ్యానించాడు.

అప్పీళ్ల కోర్టు నవంబరులో ఈ ఉత్తర్వును రద్దుచేసింది. పత్రిక ఆ ఏడాదితో మూతపడింది. అదే సమయంలో రెండో సర్క్యూట్ లో ఖాళీ ఏర్పడితే, వస్తుందనుకున్న పదోన్నతి హ్యాండ్ కు రాలేదు. ఆ కుర్చీ మార్టిన్ మాంటన్ అనే మరో జిల్లా జడ్జికి దక్కింది. ఈ పేరు మళ్లీ వస్తుంది.

1918 జూన్ లో రైలు ప్రయాణంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ తారసపడ్డాడు. అక్కడ మొదలైన వాదన ఉత్తరాల్లో సాగింది. 1919 మార్చిలో హోమ్స్ ‘స్పష్టమైన, తక్షణ ప్రమాదం’ అనే సూత్రం చెప్పి ఒక యుద్ధ వ్యతిరేకి శిక్షను ఖాయం చేశాడు. నవంబరులో అబ్రమ్స్ కేసుకు వచ్చేసరికి అతనే వాక్ స్వాతంత్ర్యం పక్షాన భిన్నాభిప్రాయం రాశాడు. ఈ మార్పు వెనక హ్యాండ్ తో సహా పలువురి ఒత్తిడి ఉందని చరిత్రకారుల అభిప్రాయం. హ్యాండ్ కు మాత్రం ప్రమాద సూత్రం ఎప్పుడూ తృప్తినివ్వలేదు. అతను పోయిన ఎనిమిదేళ్లకు, 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు పురికొల్పడం అన్న కొలమానాన్ని చేపట్టింది. మాసెస్ తీర్పుకు అది బాగా దగ్గరది.

రెండో సర్క్యూట్ లో (1924–1951)

కాల్విన్ కూలిడ్జ్ నియామకంతో 1924 డిసెంబరులో హ్యాండ్ అప్పీళ్ల కోర్టుకు వచ్చాడు. 1927లో ఆగస్టస్ వచ్చి చేరాడు. థామస్ స్వాన్, హారీ చేజ్, ఆ తరువాత చార్లెస్ క్లార్క్, జెరోమ్ ఫ్రాంక్ సహచరులు. అన్నదమ్ములిద్దరిలో లెర్నెడ్ వాక్యాలు ఉటంకించడానికి బాగుంటాయని, నమ్ముకుని నడవడానికి ఆగస్టస్ తీర్పు మేలని న్యాయవాదుల్లో ఒక చలోక్తి ఉండేది. హ్యాండ్ తానే తమ్ముడి హోదాలో ఆగస్టస్ నిగ్రహాన్ని మెచ్చుకునేవాడు.

ఆ రోజుల్లో ఈ కోర్టు పనితీరు విలక్షణంగా ఉండేది. వాదనలు ముగిశాక జడ్జిలు వెంటనే సమావేశమయ్యేవారు కాదు. ఒక్కొక్కరూ విడిగా కేసు చదివి, తన అభిప్రాయాన్ని మెమోగా రాసి మిగిలిన ఇద్దరికీ పంపేవారు. ఆ తర్వాతే కూర్చుని తేల్చుకునేవారు. ఒకరి మాటకు మరొకరు తలూపే ప్రమాదం దీనివల్ల తగ్గేది. హ్యాండ్ తీర్పులను తానే చేత్తో రాసేవాడు, ఒక్కో తీర్పును పలుమార్లు తిరగరాసేవాడు. జడ్జికి సహాయకుడిగా ఉండే లా క్లర్కు పని తీర్పు రాయడం కాదు, రాసినదానిలో తప్పులు పట్టడం. అలా తప్పులు పట్టినవారిలో ఆర్చిబాల్డ్ కాక్స్, ఇలియట్ రిచర్డ్‌సన్, తత్త్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్ ఉన్నారు. వాటర్‌గేట్ కుంభకోణంలో 1973 అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ ప్రత్యేక ప్రాసిక్యూటరైన కాక్స్ ను తొలగించమన్నప్పుడు, ఆ పని చేయనని రాజీనామా ఇచ్చిన అటార్నీ జనరల్ రిచర్డ్‌సనే.

1939లో ఈ కోర్టు పరువు మంటగలిసింది. సీనియర్ జడ్జిగా, అంటే బెంచి నాయకుడిగా ఉన్న మాంటన్ కక్షిదారుల దగ్గర డబ్బు తీసుకున్నట్టు బయటపడింది. అతను రాజీనామా చేశాడు, నేరం రుజువై జైలుకెళ్లాడు. బెంచి నాయకత్వం హ్యాండ్ కు వచ్చింది. 1948లో ఆ హోదాను చీఫ్ జడ్జి అని మార్చారు. మాంటన్ కూర్చున్న పాత బెంచీల తీర్పులన్నీ అనుమానాస్పదమైన వేళ, కోర్టు మీద నమ్మకాన్ని నిలబెట్టడంలో హ్యాండ్ సోదరులు, స్వాన్ ల నిజాయితీ పనిచేసిందని సాధారణంగా చెబుతారు.

ప్రధాన తీర్పులు: నిర్లక్ష్యం, పరిహారం

హ్యాండ్ పేరు ఎక్కువగా వినబడేది రెండు పడవల కేసుల్లో. 1928 మార్చిలో బొగ్గు బార్జిలను లాక్కుంటూ వర్జీనియా నుంచి ఉత్తరానికి వెళ్తున్న రెండు టగ్గు పడవలు న్యూజెర్సీ తీరాన తుపానులో చిక్కుకున్నాయి. చెరొక బార్జి మునిగింది. వాతావరణ హెచ్చరిక రేడియోలో వచ్చింది, టగ్గుల్లో పనిచేసే రేడియోలు లేవు. ఆ రోజుల్లో టగ్గుల్లో రేడియో పెట్టడం ఇంకా అందరూ పాటించే ఆనవాయితీ కాలేదు. ‘టీ.జే. హూపర్’ పేరుతో ప్రసిద్ధమైన 1932 తీర్పులో, వృత్తిలో అందరూ చేసే పద్ధతే జాగ్రత్తకు కొలత కానక్కర్లేదని హ్యాండ్ తేల్చాడు. వ్యాపారమంతా కలిసి వెనకబడి ఉండవచ్చు. ఎంత జాగ్రత్త అవసరమో చివరికి చెప్పాల్సింది కోర్టు. టగ్గుల యజమాని పరిహారం కట్టాల్సివచ్చింది. వైద్యం, విమానయానం, పరిశ్రమల భద్రత వంటి విషయాల్లో నేటికీ ఈ తీర్పును ఉదహరిస్తారు.

రెండోది 1947 నాటి కారొల్ టోయింగ్ కేసు. 1944 జనవరిలో న్యూయార్క్ రేవులో, ‘కారొల్’ అనే టగ్గు సిబ్బంది తాళ్లు సవరిస్తుండగా వరసగా కట్టిన బార్జిలు తెగి కొట్టుకుపోయాయి. ప్రభుత్వపు గోధుమపిండి బస్తాలతో ఉన్న ‘అన్నా సి’ అనే బార్జి ఒక ట్యాంకరుకు తగిలి, దాని పంకా రెక్క పొడుచుకుని, మునిగిపోయింది. బార్జి కాపలాదారు 21 గంటలుగా పడవ మీద లేడు. అతను ఉండి ఉంటే చిల్లును గమనించి పడవను కాపాడే వీలుండేది. మరి అతను లేకపోవడం బార్జి యజమాని తప్పా?

దీనికి హ్యాండ్ మూడు అంశాల లెక్క చెప్పాడు: ప్రమాదం జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత, దాన్ని నివారించడానికి అయ్యే శ్రమ లేదా ఖర్చు ఎంత. అవకాశాన్ని నష్టంతో గుణిస్తే వచ్చేది జాగ్రత్త ఖర్చు కన్నా ఎక్కువైతే, జాగ్రత్త తీసుకోకపోవడం నిర్లక్ష్యమే. వెయ్యి రూపాయల నష్టం పదింట ఒకసారి జరిగేదైతే లెక్కకు వంద రూపాయలు. ముప్పై రూపాయల తాడు కొంటే అది తప్పుతుందనుకుంటే, కొననివాడిది తప్పు. యుద్ధకాలంలో రేవు కిటకిటలాడుతోంది, జనవరిలో పగటిపొద్దు చిన్నది, పనివేళల్లో మనిషి లేకపోవడానికి తగిన కారణం చూపలేదు. కనుక బార్జి యజమానికి పూర్తి పరిహారం దక్కలేదు.

హ్యాండ్ దీన్ని ఆలోచనకు సాయపడే సాధనంగానే చూశాడు. ఈ అంకెలు నిజ జీవితంలో కచ్చితంగా దొరకవని అతనికి తెలుసు. 1972లో న్యాయపండితుడు రిచర్డ్ పోస్నర్ రాసిన వ్యాసం దీన్ని న్యాయానికి, అర్థశాస్త్రానికి వారధిగా చూపింది. అప్పటినుంచి అది హ్యాండ్ సూత్రం పేరుతో పాఠ్యపుస్తకాలకెక్కింది (చూ. న్యాయశాస్త్రంలో ఆర్థిక విశ్లేషణ). ప్రాణానికి, అవయవాలకు వెల కట్టడం దగ్గర ఈ లెక్క కుంటుతుందని విమర్శకులు అంటారు.

ప్రధాన తీర్పులు: కాపీరైట్, పన్ను

నాటకాల మీద వచ్చిన రెండు వ్యాజ్యాలు కాపీరైట్ చట్టానికి దారి చూపాయి. బ్రాడ్‌వేలో ఐదేళ్లు ఆడిన ‘ఏబీస్ ఐరిష్ రోజ్’ నాటకం యూదుల అబ్బాయి, ఐరిష్ కేథలిక్ అమ్మాయి పెళ్లి కథ. యూనివర్సల్ సంస్థ తీసిన ఒక సినిమాలో కూడా ఆ రెండు వర్గాల కుటుంబాలు కీచులాడుకుని చివరికి రాజీపడతాయి. నాటకకర్త యాన్ నికోల్స్ కేసు వేసింది. ఏ కథనైనా వివరాలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి ఒట్టి ఇతివృత్తం మిగులుతుందని, ఆ అంచెల్లో ఎక్కడో ఒకచోట రక్షణ ఆగిపోతుందని, అక్కడినుంచి అది ఎవరైనా వాడుకోగల ఆలోచన అని 1930లో హ్యాండ్ అన్నాడు. ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరూ ముందుగా చెప్పలేరని కూడా ఒప్పుకున్నాడు. నికోల్స్ ఓడిపోయింది. 1936లో షెల్డన్ కేసులో ఫలితం తిరగబడింది. అక్కడ ఒక సినిమా వేరొక నాటకం నుంచి ఇతివృత్తంతో పాటు సన్నివేశాల అల్లికను కూడా ఎత్తుకుందని తేలింది. తాను ఎంత ఎత్తుకోలేదో చూపించి దొంగ తప్పించుకోలేడన్నది ఆ తీర్పు సారం.

పన్నుల్లో 1934 నాటి గ్రెగొరీ కేసు ముఖ్యం. ఒక మహిళ తన కంపెనీ చేతిలోని షేర్లను తక్కువ పన్నుతో తన చేతికి తెచ్చుకోవడానికి, చట్టంలోని పునర్వ్యవస్థీకరణ సదుపాయాన్ని వాడుకుంటూ వారం కూడా నిలవని ఒక కంపెనీని పెట్టి మూసేసింది. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. పన్ను తగ్గించుకోవాలన్న ఉద్దేశం తప్పు కాదని హ్యాండ్ స్పష్టంగానే చెప్పాడు. కానీ చట్టం పునర్వ్యవస్థీకరణ అన్నప్పుడు దాని మనసులో ఉన్నది నిజమైన వ్యాపార మార్పు, ఈ నాటకం కాదన్నాడు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఏకీభవించింది. ఈ తీర్పులోని మొదటి సగాన్ని పన్ను సలహాదారులు, రెండో సగాన్ని పన్నుల శాఖ నేటికీ ఉటంకిస్తూ ఉంటారు.

ప్రధాన తీర్పులు: గుత్తాధిపత్యం

అల్యూమినియం కంపెనీ ఆఫ్ అమెరికాపై ప్రభుత్వం 1937లో వేసిన కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి, నలుగురు న్యాయమూర్తులు తమ పాత సంబంధాల వల్ల తప్పుకోవడంతో కోరం లేకపోయింది. కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి దాన్ని రెండో సర్క్యూట్ కు అప్పగించింది. ఆ కేసు వరకు హ్యాండ్ కోర్టే సుప్రీంకోర్టు. 1945 మార్చిలో అతను రాసిన తీర్పు ప్రకారం ముడి అల్యూమినియంలో 90 శాతం వాటా గుత్తాధిపత్యమే. 60, 64 శాతం అనుమానాస్పదం. 33 శాతం కచ్చితంగా కాదు. సమర్థతతో పోటీలో నెగ్గినవాణ్ణి శిక్షించరాదని ఒప్పుకుంటూనే, పోటీదారు పుట్టకముందే ఉత్పత్తి పెంచుకుంటూ దారులన్నీ మూసిన కంపెనీని దోషిగా నిలబెట్టాడు. ఈ తీర్పు పోటీతత్వాన్నే శిక్షించిందని తరువాతి తరం ఆర్థికవేత్తలు తప్పుపట్టారు. విదేశంలో జరిగిన ఒప్పందమైనా అమెరికా మార్కెట్ మీద ప్రభావం చూపాలన్న ఉద్దేశంతో జరిగి, ఆ ప్రభావం చూపితే అమెరికా చట్టం వర్తిస్తుందన్న భాగం మాత్రం ఇతర దేశాల చట్టాలకు కూడా ఒరవడి అయింది.

డెనిస్ కేసు

1949లో 11 మంది కమ్యూనిస్టు నాయకులకు, ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలని బోధించడానికి కుట్ర పన్నారన్న అభియోగంపై శిక్ష పడింది. 1950లో హ్యాండ్ ఆ శిక్షను ఖాయంచేశాడు. కీడు ఎంత ఘోరమైనదో చూసి, అది జరగకపోవడానికున్న అవకాశాన్ని అందులోంచి తగ్గించి, మిగిలినది వాక్ స్వాతంత్ర్యంపై ఆంక్షను సమర్థిస్తుందా అని కొలవాలన్నాడు. బార్జి కేసు లెక్కే మరో వేషంలో వచ్చింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఫ్రెడ్ విన్సన్ 1951లో ఈ సూత్రాన్ని యథాతథంగా స్వీకరించాడు.

మాసెస్ తీర్పు రాసిన చెయ్యే దీన్ని కూడా రాయడం హ్యాండ్ అభిమానులకు మింగుడుపడదు. అప్పటికి మాసెస్ తీర్పు రద్దయి ముప్పై ఏళ్లు దాటింది, హోమ్స్ సూత్రమే అమల్లో ఉంది, కింది కోర్టు దాన్ని మీరలేదు అన్నది ఒక వివరణ. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని కొట్టివేయడానికి థేయర్ శిష్యుడు వెనకాడడం మరొకటి. వ్యక్తిగతంగా ఈ ప్రాసిక్యూషన్ తెలివైన పని కాదనే అతను భావించాడు. అదే ఏడాది డిసెంబరులో, సోవియట్ గూఢచారిణి అన్న అభియోగంపై శిక్షపడిన జూడిత్ కోప్లన్ నేరం చేసిందనే నమ్ముతూ కూడా, వారంటు లేని అరెస్టు, టెలిఫోన్ సంభాషణల దొంగవినికిడి కారణంగా శిక్షను రద్దుచేశాడు. 1952లో ఆల్బనీలో ప్రసంగిస్తూ, పొరుగువాణ్ణి అనుమానించే వాతావరణాన్ని బహిరంగంగా ఖండించాడు.

చేజారిన సుప్రీంకోర్టు పదవి

అర్హత గురించి ఎవరికీ సందేహం లేదు, కాలమే కలిసిరాలేదు. 1922లో అతని పేరు వినబడినప్పుడు, అప్పటికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న టాఫ్ట్ అడ్డుచెప్పాడు. 1912 నాటి గాయం మానలేదు. 1930లో టాఫ్ట్ తప్పుకున్నాక హెర్బర్ట్ హూవర్ చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ ను ఎంచుకున్నాడు. 1942లో జేమ్స్ బర్న్స్ రాజీనామా చేసినప్పుడు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ హ్యాండ్ కోసం గట్టిగా పట్టుబట్టాడు. కానీ 70 దాటిన జడ్జిలు పనికిరారంటూ 1937లో సుప్రీంకోర్టును విస్తరించబోయి భంగపడిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, 71 ఏళ్లు నిండబోతున్న మనిషిని ఏ మొహం పెట్టుకుని నియమిస్తాడు? 48 ఏళ్ల వైలీ రట్లెడ్జ్ కు ఆ పదవి వెళ్లింది. రట్లెడ్జ్ 1949లో చనిపోయాడు. హ్యాండ్ ఆ తర్వాత 12 ఏళ్లు బతికాడు.

న్యాయ దృక్పథం, రచనలు

1944 మే 21న న్యూయార్క్ సెంట్రల్ పార్క్ లో కొత్త పౌరుల ప్రమాణ స్వీకార సభలో హ్యాండ్ కొద్ది నిమిషాలు మాట్లాడాడు. స్వేచ్ఛ మనుషుల గుండెల్లో బతకాలని, అక్కడ చచ్చాక కోర్టులూ రాజ్యాంగాలూ దాన్ని బతికించలేవని, తానే ఒప్పని మరీ అంత నమ్మకం పెట్టుకోని మనసు దానికి ఆయువుపట్టని ఆ ప్రసంగ భావం. పత్రికలు పునర్ముద్రించాక న్యాయవాద వర్గానికి బయట కూడా అతని పేరు ఇంటింటా తెలిసింది. 1952లో ‘ది స్పిరిట్ ఆఫ్ లిబర్టీ’ పేరుతో ప్రసంగాలు, వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి.

చట్టాలను వ్యాఖ్యానించేటప్పుడు నిఘంటువును పట్టుకు వేలాడకుండా, చట్టం చేసినవారి ఉద్దేశాన్ని వెతకాలన్నది అతని నియమం. రాజ్యాంగం విషయంలో మాత్రం సంయమనం వయసుతో పాటు బిగుసుకుంది. 1958లో హార్వర్డ్ లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, హక్కుల పత్రం ఆధారంగా శాసనాలను కొట్టివేసే అధికారాన్ని కోర్టులు విరివిగా వాడడాన్ని విమర్శించాడు. బడుల్లో జాతి వివక్షను రద్దుచేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పు కూడా ఆ విమర్శకు గురైంది. సుప్రీంకోర్టు మూడో శాసనసభలా ప్రవర్తించిందని అతని అభ్యంతరం. వివక్షను సమర్థించే ఉద్దేశం అతనికి లేదు. అయినా జాతి వివక్షను సమర్థించేవారికి ఆ మాటలు ఆయుధమయ్యాయి, మిత్రులు నొచ్చుకున్నారు. తీర్పుకు ఆధారమైన సూత్రం ఏ పక్షానికైనా ఒకేలా వర్తించాలనే తటస్థ సూత్రాల సిద్ధాంతాన్ని న్యాయపండితుడు హెర్బర్ట్ వెక్స్‌లర్ 1959లో ప్రతిపాదించింది కొంతవరకు దీనికి స్పందనగానే.

భారత న్యాయంలో సమాంతరాలు

హ్యాండ్ ఎదుర్కొన్న ప్రశ్నలు భారత కోర్టులకూ వచ్చాయి. హిక్లిన్ సూత్రాన్ని భారత సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో స్వీకరించింది, 2014లో అవీక్ సర్కార్ కేసులో వదిలి సమకాలీన సమాజ ప్రమాణాన్ని చేపట్టింది. నాటకానికి, సినిమాకి మధ్య కాపీరైట్ తగాదాలో ఆలోచనకు రక్షణ లేదు, వ్యక్తీకరణకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసు తేల్చింది. పన్ను ఎగవేతకు, పన్ను తగ్గించుకోవడానికి మధ్య గీత గురించిన ప్రసిద్ధ తీర్పు ఆంధ్రప్రదేశ్ వాణిజ్య పన్నుల శాఖతో మెక్‌డొవెల్ కంపెనీకి వచ్చిన వివాదంలోనిది. 1985లో ఆ కేసులో విడిగా రాస్తూ, తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి పన్ను తప్పించే ఎత్తుగడలపై విరుచుకుపడ్డాడు. 2002 నాటి పోటీ చట్టంలోని 32వ సెక్షన్ విదేశాల్లో జరిగినా భారత మార్కెట్ పై ప్రభావం చూపే చర్యలకు వర్తిస్తుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసు చర్చకు, సమర్థనకు, పురికొల్పడానికి మధ్య చూపిన తేడాలో మాసెస్ తీర్పు నాటి ఆలోచనే కనిపిస్తుంది.

చివరి సంవత్సరాలు

1951 జూన్ లో హ్యాండ్ సీనియర్ హోదా తీసుకున్నాడు. డెనిస్ కేసులో విచారణ జడ్జిగా ఉన్న హెరాల్డ్ మెడీనా అతని స్థానంలోకి వచ్చాడు. గంభీరమైన కనుబొమలతో కక్షిదారుల లాయర్లను హడలెత్తించిన హ్యాండ్ పాటగాడు కూడా. చిన్నప్పుడు నేర్చిన జానపద గీతాలను కాంగ్రెస్ గ్రంథాలయం కోసం పాడి రికార్డు చేశాడు. 1961 ఆగస్టు 18న న్యూయార్క్ లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. అతని దగ్గర లా క్లర్కుగా పనిచేసిన జెరాల్డ్ గుంతర్ రాసిన సమగ్ర జీవితచరిత్ర 1994లో వెలువడింది.

హ్యాండ్ పోయిన రెండు నెలలకే అధ్యక్షుడు కెనెడీ రెండో సర్క్యూట్ కు థర్గుడ్ మార్షల్ ను నియమించాడు. హ్యాండ్ విమర్శించిన బ్రౌన్ కేసును సుప్రీంకోర్టులో వాదించి గెలిచిన నల్లజాతి న్యాయవాది అతనే. మన్‌హాటన్ ఫోలీ స్క్వేర్ లో హ్యాండ్ కూర్చున్న న్యాయస్థాన భవనానికి 2001లో మార్షల్ పేరు పెట్టారు.